విమాన దూరం ఒక్కటే, ప్రయాణ సమయం మాత్రం పూటకొకటి

లండన్ హీత్రూ నుంచి న్యూయార్క్ జేఎఫ్‌కేకి ఎంత దూరమని వెతికితే ఒకచోట 5,540 అని, ఇంకోచోట 5,555 అని, మరోచోట 2,991 అని కనిపిస్తుంది. ప్రయాణం 7 గంటల 25 నిమిషాలని ఆ పేజీలే చెబుతాయి. టికెట్ తీసి చూస్తే వెళ్లేటప్పుడు సుమారు 8 గంటలు, తిరిగొచ్చేటప్పుడు 7 గంటలు. విమానం ఎక్కాక సీటు ముందున్న తెర మీద వీటితో ఏమాత్రం పొసగని మరో లెక్క నడుస్తుంటుంది. ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారనిపించడం సహజం. అందరూ ఒప్పే చెబుతున్నారు, కాకపోతే తాము దేన్ని కొలిచారో ఎవరూ చెప్పరు.

దూరాల్లోనే మూడు రకాలున్నాయి. భూమి మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి ఒకటి. విమానం ఆ రోజు నేల మీదుగా నిజంగా దాటిన దారి రెండోది. చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే విమానం ఎంత ముందుకు చొచ్చుకుపోయిందన్నది మూడోది. సమయాల్లోనూ అంతే. చక్రాలు నేల విడిచినప్పటి నుంచి మళ్లీ నేలను తాకేదాకా ఒక లెక్క, గేటు నుంచి గేటుకి ఒక లెక్క, రెండు ఊళ్ల గడియారాల మధ్య తేడా ఇంకో లెక్క. ఏ దూరాన్ని ఏ సమయంతో జత కడుతున్నామో చూసుకోకపోతే ఎంత ఖచ్చితమైన సూత్రం పెట్టినా వచ్చే జవాబు పనికిరాదు.

ఎక్కడి నుంచి ఎక్కడికి కొలుస్తారు

విమానాశ్రయం అంటే ఒక చుక్క కాదు, కొన్ని కిలోమీటర్ల మేర పరుచుకున్న నేల. అందుకే ప్రతి విమానాశ్రయానికీ ఒక రిఫరెన్స్ పాయింట్‌ను అధికారికంగా ప్రకటిస్తారు. మామూలుగా అది రన్‌వేల సముదాయానికి మధ్యన పడుతుంది. టెర్మినల్ తలుపు దగ్గరో, ఊరి నడిబొడ్డునో ఉండదు. దూరం లెక్కలన్నీ ఆ బిందువు అక్షాంశ రేఖాంశాల మీదే నడుస్తాయి.

ఊరి పేరు కొట్టి దూరం వెతికేవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. లండన్ అంటే హీత్రూ, గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ అని చాలా ఉన్నాయి. ఎల్ఓఎన్ అనే కోడ్ ఊరంతటికీ చెందినది, ఏ ఒక్క విమానాశ్రయానిదీ కాదు. పారిస్ పేరు తగిలించుకున్న బోవే విమానాశ్రయం పారిస్‌కు దాదాపు 85 కి.మీ. దూరంలో ఉంది. సిడ్నీ అనే పేరుతో ఆస్ట్రేలియాలో ఒకటుంటే, కెనడాలోని నోవా స్కోషియాలో మరొకటుంది. కాలిఫోర్నియా శాన్ హోసే ఎస్‌జేసీ, కోస్టారికా శాన్ హోసే ఎస్‌జేఓ. కాబట్టి వెతికేటప్పుడు ఊరి పేరు వదిలేసి మూడక్షరాల ఐయాటా కోడ్ వాడడం మంచిది. పైలట్లు, నేల మీంచి విమానాలకు దారి చూపే ఏటీసీ వాళ్లు వాడేది ఐక్యరాజ్యసమితి విమానయాన సంస్థ ఐకావో ఇచ్చే నాలుగక్షరాల కోడ్. హీత్రూకి ఒక పద్ధతిలో ఎల్‌హెచ్ఆర్, రెండో పద్ధతిలో ఈజీఎల్ఎల్.

చేత్తో లెక్క కట్టి చూస్తే

భూమిని 6,371 కి.మీ. వ్యాసార్ధమున్న గోళం అనుకుంటే, దాని మీద రెండు బిందువుల మధ్య అతి దగ్గరి దారి భూకేంద్రాన్ని కేంద్రంగా చేసుకున్న వృత్తంలో ఒక ముక్క. దాన్ని గ్రేట్ సర్కిల్ అంటారు. ఆ ముక్క పొడవు తేల్చడానికి ఎక్కువగా వాడేది హావర్‌సైన్ సూత్రం. సైన్, కొసైన్ మీటలున్న కాలిక్యులేటర్ ఉంటే ఐదు నిమిషాల పని.

హీత్రూ అక్షాంశం 51.4700, రేఖాంశం మైనస్ 0.4543. జేఎఫ్‌కే అక్షాంశం 40.6413, రేఖాంశం మైనస్ 73.7781. పడమర రేఖాంశాలకు, దక్షిణ అక్షాంశాలకు మైనస్ గుర్తు పెట్టాలి. అక్షాంశాల తేడా 10.8287 డిగ్రీలు. దాని సగానికి సైన్ తీసి వర్గం చేస్తే 0.0089. రేఖాంశాల తేడా 73.3238 డిగ్రీలు. దాని సగానికీ సైన్ తీసి వర్గం చేస్తే 0.3565. ఈ రెండో అంకెను రెండు అక్షాంశాల కొసైన్లతో, అంటే 0.6229తో, 0.7588తో గుణించాలి. 0.1685 వస్తుంది. దీనికి మొదటి 0.0089 కలిపితే 0.1774. వర్గమూలం 0.4212. ఏ కోణానికి సైన్ ఇంత అవుతుందో చూస్తే 24.911 డిగ్రీలు. రెట్టింపు చేస్తే 49.822. ఇదీ భూకేంద్రం దగ్గర రెండు విమానాశ్రయాల మధ్య ఏర్పడే కోణం. గ్రేట్ సర్కిల్ మీద ఒక డిగ్రీ అంటే 111.195 కి.మీ. గుణిస్తే 5,540 కి.మీ. తేలుతుంది.

మరి 5,555 ఎక్కడిది? భూమి నిండు గోళం కాదు. జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 నమూనాలో భూమధ్యరేఖ దగ్గర వ్యాసార్ధం 6,378.137 కి.మీ., ధ్రువాల దగ్గర 6,356.752 కి.మీ. ఈ చదునును లెక్కలోకి తీసుకునే విన్సెంటీ పద్ధతి 1975లో వచ్చింది. భూగోళానికి అటూ ఇటూ దాదాపు ఎదురెదురుగా ఉండే జంటల దగ్గర అది జవాబుకు చేరకుండా తిరుగుతూ ఉండిపోతుంది. ఆ లోపాన్ని చార్లెస్ కార్నీ 2013లో ప్రచురించిన పద్ధతి సరిచేసింది. గోళం లెక్కకూ దీనికీ తేడా అర శాతం దాటడం అరుదు. ప్రయాణికుడికి ఈ 15 కి.మీ.తో పని లేదు. విమానం ఒక్క నిమిషంలో దాటేస్తుంది.

విమానం 11 కి.మీ. ఎత్తున పోతుంది కదా, అక్కడ వృత్తం పెద్దది కాబట్టి దూరం బాగా పెరగదా అని చాలామంది అడుగుతారు. పెరుగుతుంది, మొత్తం 5,540కి 10 కి.మీ. కూడా కాదు.

2,991 విషయం ఇంకా తేలిక. అది నాటికల్ మైళ్లలో ఉన్న దూరం. నాటికల్ మైలు సరిగ్గా 1.852 కి.మీ., మామూలు మైలు 1.609 కి.మీ. యూనిట్ రాయకుండా 'మైళ్లు' అని వదిలేసిన పట్టికను నమ్మి లెక్క వేస్తే 15 శాతం తేడా కొడుతుంది. విమానయానంలో మైలు అంటే నాటికల్ మైలే. వేగం చెప్పే నాట్ అంటే గంటకు ఒక నాటికల్ మైలు.

ప్రోగ్రామ్ రాసుకునేవాళ్లు చేసే పొరపాట్లు దాదాపు ఎప్పుడూ ఇవే. సైన్ ఫంక్షన్ రేడియన్లు అడుగుతుంటే డిగ్రీలు ఇవ్వడం. 51 డిగ్రీల 28 నిమిషాలను 51.28గా రాసేయడం, సరైనది 51.467. అక్షాంశం ముందా రేఖాంశం ముందా అన్నది తారుమారు కావడం. అన్నిటికన్నా ప్రమాదకరమైనది మైనస్ గుర్తు ఎగిరిపోవడం. జేఎఫ్‌కే రేఖాంశం ముందు మైనస్ మర్చిపోయి పై లెక్కే చేస్తే 5,600 కి.మీ. వస్తుంది. చూడ్డానికి బాగానే ఉంది కదా అని సాగిపోతాం. ఆ బిందువు న్యూయార్క్‌లో లేదు, కిర్గిజ్‌స్తాన్ కొండల్లో ఉంది. లండన్ దాదాపు సున్నా రేఖాంశం మీద ఉండటంతో తూర్పుకి కొలిచినా పడమరకి కొలిచినా ఒకేలా వచ్చి తప్పు దాక్కుంటుంది. అందుకే ఇలాంటి ప్రోగ్రామ్‌ను పరీక్షించడానికి లండన్ మొదలయ్యే జంటను ఎన్నుకోకూడదు. టోక్యో–లాస్ ఏంజెలిస్ లాంటి తేదీ రేఖ దాటే జంటను ఒకటి, సిడ్నీ–శాంటియాగో లాంటి దక్షిణార్ధ జంటను ఒకటి పెట్టి చూస్తే గుట్టు బయటపడుతుంది.

పటం మీద వంకర, భూమి మీద తిన్నన

న్యూయార్క్ లండన్ కన్నా 11 డిగ్రీలు దక్షిణాన ఉంది. అయినా అతి దగ్గరి దారి పట్టుకుంటే హీత్రూ నుంచి బయల్దేరే దిశ 288 డిగ్రీలు, అంటే పడమర నుంచి ఉత్తరానికి 18 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. గోడ మీద వేలాడే మెర్కేటర్ పటంలో ఇది పైకి ఉబ్బిన వంకరగీతలా కనిపిస్తుంది. అదే పటం మీద స్కేలు పెట్టి తిన్నగా గీసిన గీత వెంబడి పోతే దూరం సుమారు 5,760 కి.మీ. అంటే వంకరగా కనిపించే దారే 220 కి.మీ. దగ్గర. గ్లోబు మీద రెండు ఊళ్ల మధ్య దారం బిగించి లాగితే సందేహం తీరిపోతుంది. దారం తనంతట తానే ఉత్తరానికి జరుగుతుంది.

విమానం ఆ దారిన ఎందుకు పోదు

గ్రేట్ సర్కిల్ దూరం ఓ కనీస హద్దు. రెండు రన్‌వేల మధ్య అంతకన్నా తక్కువ దూరం ఎగరడం వీలుపడదు. ఎంత ఎక్కువ ఎగురుతుందన్నది దారిని బట్టి ఉంటుంది. రన్‌వే నుంచి లేచాక నిర్ణయించిన నిష్క్రమణ మార్గం పట్టాలి, దిగేముందు నిర్ణయించిన ప్రవేశ మార్గంలో చేరాలి. గాలికి ఎదురుగా లేవాలి కాబట్టి తూర్పుకి పోవాల్సిన విమానం ఒక్కోసారి పడమరకి లేచి వెనక్కి తిరుగుతుంది. ఐకావో కర్బన ఉద్గారాల లెక్కలో ఈ తిరుగుడు కోసం ఒక దిద్దుబాటు కలుపుతారు. దూరం 550 కి.మీ. లోపుంటే 50 కి.మీ., 5,500 దాకా ఉంటే 100 కి.మీ., ఆ పైన 125 కి.మీ. యూరప్ ఉద్గారాల వ్యాపార పద్ధతిలో దూరం ఎంతైనా 95 కి.మీ. కలుపుతారు. ఈ అంకెలను గమనిస్తే చుట్టుదారి భారం చిన్న ప్రయాణం మీదే ఎక్కువ పడుతుందని తెలుస్తుంది. 400 కి.మీ. మీద 50 అంటే ఎనిమిదో వంతు.

పెద్ద మళ్లింపులకు కారణాలు వేరు. అందులో ముందు చెప్పాల్సింది రాజకీయం. 2022 ఫిబ్రవరిలో రష్యా తన గగనతలాన్ని యూరోపియన్ యూనియన్, బ్రిటన్ సంస్థలకు మూసేసింది. హెల్సింకి–టోక్యో దూరం సుమారు 7,800 కి.మీ., అప్పటిదాకా తొమ్మిదిన్నర గంటల ప్రయాణం. ఆ తర్వాత ఫిన్‌ఎయిర్ ఉత్తర ధ్రువం మీదుగా తిరిగి వెళ్లాల్సి వచ్చి అది 13 గంటలకు చేరింది. దూరం చెప్పే పేజీ మాత్రం నేటికీ ఆ 7,800నే చూపిస్తుంది. భూమి మీద రెండు ఊళ్లు జరగలేదు కాబట్టి దాని తప్పు లేదు.

ఇక కొండలు. టిబెట్ పీఠభూమి మీదుగా చాలా దారులు తిన్నగా ఉండేవే, కానీ విమానాలు వీలైనంత పక్కకు జరుగుతాయి. క్యాబిన్‌లో ఒత్తిడి పోతే ముసుగుల్లోంచి ఆక్సిజన్ చాలా విమానాల్లో 12 నుంచి 15 నిమిషాలే వస్తుంది. ఆ లోపు 10,000 అడుగులకు దిగాలి. కింద నేలే అంతకన్నా ఎత్తున ఉంటే దిగేదెక్కడ? ఒక ఇంజిన్ ఆగినా ఇదే ఇబ్బంది. మిగిలిన ఇంజిన్‌తో విమానం ఎత్తు నిలుపుకోలేక మెల్లగా కిందికి జారుతుంది.

సముద్రాల మీద మరో నియమం. రెండు ఇంజిన్ల విమానం దారిలో ఎక్కడ ఉన్నా, ఒక్క ఇంజిన్‌తో ఇన్ని నిమిషాల్లో దిగగల విమానాశ్రయం ఉండాలి. ఈటాప్స్ అనే ఈ అనుమతి 1985లో 120 నిమిషాలతో మొదలై, తర్వాత 180కి, కొన్ని రకాలకు అంతకు మించి పెరిగింది. ఉత్తర అట్లాంటిక్‌లో దీని ప్రభావం ఇప్పుడు కనిపించదు. దక్షిణార్ధంలో సిడ్నీ–జొహానెస్‌బర్గ్ లాంటి దారుల్లో మాత్రం దిగడానికి నేలే లేని సముద్రం వేల కిలోమీటర్లు ఉంటుంది. అక్కడ విమానానికి ఎన్ని నిమిషాల అనుమతి ఉందన్నదే దారిని గీస్తుంది.

భాగహారం ఎక్కడ దెబ్బ తింటుంది

దూరాన్ని గంటకు 800 కి.మీ.తో భాగించి 30 నిమిషాలు కలపడం అనేది చాలా పేజీలు వాడే సూత్రం. హీత్రూ–జేఎఫ్‌కేకి ఇలాగే 7 గంటల 25 నిమిషాలు వచ్చింది. దూర ప్రయాణాలకు ఉజ్జాయింపుగా పనికొస్తుంది. 300 కి.మీ. ప్రయాణానికి పెడితే 52 నిమిషాలంటుంది. టైమ్‌టేబుల్‌లో అలాంటి దూరానికి గంట దాటే ఉంటుంది.

ఎందుకంటే విమానం తన పూర్తి వేగాన్ని చాలా ఎత్తున, ప్రయాణం నడిమధ్యలో మాత్రమే అందుకుంటుంది. చాలా దేశాల్లో 10,000 అడుగుల లోపు 250 నాట్స్ దాటకూడదు. 36,000 అడుగులకు ఎక్కడానికి 20 నుంచి 25 నిమిషాలు పడుతుంది. దిగడానికి పైలట్ల మోటు లెక్క ఒకటుంది, వెయ్యి అడుగులకు మూడు నాటికల్ మైళ్లు. 36,000 అడుగుల నుంచి దిగాలంటే 108 నాటికల్ మైళ్ల ముందు, అంటే 200 కి.మీ. ముందే దిగడం మొదలుపెట్టాలి. 300 కి.మీ. ప్రయాణంలో ఎక్కడానికి, దిగడానికే దారి సరిపోదు. విమానం సగం ఎత్తు దాకా వెళ్లి వెనక్కి దిగడం మొదలుపెడుతుంది. 800 అనే వేగం దానికి దక్కేది కొద్ది నిమిషాలే.

గేటు నుంచి గేటు సమయం కావాలంటే అదే 800కి 30 బదులు 45 నిమిషాలు కలపడం మెరుగు. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737 లాంటి ఒకే నడవ విమానాలకు ఇది బాగా కుదురుతుంది. రెండు నడవల పెద్ద విమానాలకు 870తో భాగించి 50 నిమిషాలు కలపాలి. ఆ 70 కి.మీ. తేడా ఊరికే రాలేదు. ఏ320, 737లు సాధారణంగా మాక్ 0.78 దగ్గర, అంటే ధ్వని వేగంలో 0.78 వంతు వేగంతో పోతాయి, 787, ఏ350లు 0.85 దగ్గర. 11 కి.మీ. ఎత్తున ప్రామాణిక ఉష్ణోగ్రత మైనస్ 56.5 డిగ్రీలు, అక్కడ ధ్వని వేగం గంటకు 1,062 కి.మీ. కాబట్టి మొదటివి 828 కి.మీ., రెండోవి 903 కి.మీ. వేగంతో గాలిని చీల్చుకుపోతాయి. నేల మీద ఎంత వేగమన్నది ఆ గాలి నిర్ణయిస్తుంది.

గాలి లెక్క

ఉష్ణమండలానికీ ధ్రువాలకూ మధ్య వేడిలో తేడా, భూభ్రమణం కలిసి 30,000 నుంచి 40,000 అడుగుల మధ్య పడమర నుంచి తూర్పుకి పారే గాలి నదులను పుట్టిస్తాయి. ఇవే జెట్ స్ట్రీమ్‌లు. చలికాలంలో ఆ తేడా పెరిగి బలపడతాయి. 100 నాట్స్ మామూలు విషయం, 200 దాటిన సందర్భాలూ ఉంటాయి. భూమి తూర్పుకి తిరుగుతోంది కాబట్టి పడమరకి ఎగిరితే గమ్యమే ఎదురొస్తుందన్న వాదన తరచూ వినిపిస్తుంది. గాలి కూడా భూమితో కలిసే తిరుగుతుందన్న సంగతి ఆ వాదన మర్చిపోతుంది. వాస్తవంలో జరిగేది దానికి తలకిందులు.

హీత్రూ–జేఎఫ్‌కే దూరం గుండ్రంగా 2,990 నాటికల్ మైళ్లు, విమానం వేగం 488 నాట్స్ అనుకుందాం. గాలి లేకపోతే క్రూజ్ వేగంతో 6 గంటల 8 నిమిషాలు. సగటున 60 నాట్స్ ఎదురుగాలి ఉంటే వేగం 428కి పడిపోయి 6 గంటల 59 నిమిషాలు. అదే గాలి వెనక నుంచి తోస్తే 548కి పెరిగి 5 గంటల 27 నిమిషాలు. పోయేటప్పుడు 51 నిమిషాలు పోయాయి, వచ్చేటప్పుడు 41 మాత్రమే తిరిగొచ్చాయి. రానూపోనూ ఒకే గాలి కదా, సరికి సరి అవుతుందనుకోవడం పొరపాటు. ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి నష్టానికే ఎక్కువ సమయం దొరుకుతుంది. పక్క నుంచి వీచే గాలి కూడా ఖర్చే. 100 నాట్స్ గాలి అడ్డంగా కొడితే దాన్ని తట్టుకోవడానికి ముక్కు పక్కకు తిప్పి ఎగరాలి, 488లో 10 నాట్స్ అలా కరిగిపోతాయి.

2020 ఫిబ్రవరి 8 రాత్రి జేఎఫ్‌కేలో బయల్దేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి, కియారా తుపాను వేళ బలపడిన జెట్ స్ట్రీమ్‌ను పట్టుకుని 4 గంటల 56 నిమిషాల్లో హీత్రూ చేరింది. నేల మీద దాని వేగం గంటకు 1,300 కి.మీ. దాటింది. ధ్వని వేగాన్ని మించిందని అప్పట్లో కొందరు రాశారు. తన చుట్టూ ఉన్న గాలితో పోలిస్తే అది ధ్వని వేగానికి లోపే ఉంది, ఆ గాలే పరుగెత్తుతోంది. నిజంగా ధ్వనిని దాటి ఎగిరిన కాంకార్డ్ 1996 ఫిబ్రవరి 7న ఇదే దారిని 2 గంటల 52 నిమిషాల 59 సెకన్లలో ముగించింది.

అందుకే దారి గీసేవాళ్లు నేల మీద దగ్గరి దారిని వెతకరు, గాలిలో దగ్గరి దారిని వెతుకుతారు. ఉత్తర అట్లాంటిక్ మీద దారుల కట్టను గాలి చూసి రోజూ కొత్తగా గీస్తారు. పగలు పడమరకి పోయేవాటిని ప్రెస్ట్‌విక్‌లోని షాన్‌విక్ కేంద్రం, రాత్రి తూర్పుకి వచ్చేవాటిని కెనడాలోని గాండర్ కేంద్రం తయారుచేస్తాయి. పడమటి దారులు జెట్ స్ట్రీమ్‌ను తప్పించుకుంటాయి, తూర్పు దారులు దాని మీద ఎక్కుతాయి. ఇదే ఆలోచన ఇంకా దూరం వెళ్లిన సందర్భం 2016లో ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో దారిలో కనిపించింది. ఎయిర్ ఇండియా అట్లాంటిక్ వైపు వదిలేసి పసిఫిక్ వైపు తిరిగింది. దూరం సుమారు 1,400 కి.మీ. పెరిగి 15,000 దాటింది, సమయం మాత్రం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటలకు వచ్చింది. కిలోమీటర్లు పెరిగి గంటలు తగ్గిన ఈ దారి ముందు 800తో చేసే భాగహారం నిలవదు.

గేటు నుంచి గేటుకి

టికెట్ మీద వేసేది బ్లాక్ టైమ్. పార్కింగ్ బ్రేక్ వదిలి విమానం కదిలిన క్షణం నుంచి, అవతలి గేటు దగ్గర మళ్లీ ఆగేదాకా. సంస్థలు ప్రతి ప్రయాణానికీ నాలుగు గుర్తులు నమోదు చేస్తాయి. గేటు వదలడం ఔట్, నేల వదలడం ఆఫ్, నేల తాకడం ఆన్, గేటు చేరడం ఇన్. ఆఫ్ నుంచి ఆన్ దాకా ఎగిరిన సమయం, మిగతాదంతా నేల మీది నడక. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్‌లో పోల్డర్‌బాన్ అనే రన్‌వే మీద దిగితే టెర్మినల్ చేరడానికి 15 నిమిషాల దాకా పడుతుంది. దారిలో మోటారు రోడ్డు మీది వంతెన కూడా దాటాలి. అదే రోజు గాలి మారి దగ్గరి రన్‌వే మీద దిగితే కొద్ది నిమిషాల్లో తేలిపోతుంది. ఆకాశంలో ఎంత తొందరగా వచ్చినా ఈ నేల లెక్క మారదు.

రద్దీ విమానాశ్రయాల్లో దిగేముందు చక్కర్లు ఉంటాయి. హీత్రూకి బోవింగ్‌డన్, లాంబోర్న్, ఓకమ్, బిగ్గిన్ అని నాలుగు చోట్ల విమానాలు అంతస్తులుగా తిరుగుతుంటాయి. 14,000 అడుగుల లోపు ఒక్కో చక్కర్‌కి 4 నిమిషాలు. రెండు మలుపులకు ఒక్కో నిమిషం, రెండు తిన్నటి ముక్కలకు ఒక్కో నిమిషం. మూడు చక్కర్లు కొడితే 12 నిమిషాలు పోయినట్టే, ఊరు వైపు ఒక్క కిలోమీటరు కూడా జరగకుండా.

ఇవన్నీ గత సీజన్లలో ఎలా నడిచాయో చూసి సంస్థలు టైమ్‌టేబుల్‌లో కొంత జాగా వదులుతాయి. అమెరికా రవాణా శాఖ లెక్కలో నిర్ణీత సమయానికి 15 నిమిషాల లోపు గేటు చేరితే ఆ విమానం సమయానికి వచ్చినట్టే. అలాంటి కొలత ఉన్నప్పుడు బ్లాక్ టైమ్ కాస్త పొడిగించి రాసుకోవడం ఎవరికైనా లాభమే. అరగంట ఆలస్యంగా లేచిన విమానం సమయానికే దిగిందంటే పైలట్ పరుగు పెట్టించాడనుకోనక్కర్లేదు, ఆ అరగంట ముందే టైమ్‌టేబుల్‌లో దాచి ఉండొచ్చు. నిజంగా వేగం పెంచాలంటే విమానం కంప్యూటర్‌లో కాస్ట్ ఇండెక్స్ అనే అంకెను పెంచుతారు. సమయం ఖర్చుకీ ఇంధనం ఖర్చుకీ మధ్య నిష్పత్తి అది. సున్నా పెడితే తక్కువ ఇంధనంతో ఎక్కువ దూరం పోయే నెమ్మది వేగం, పెంచేకొద్దీ ఇంధనం తాగి పరుగెత్తే వేగం. ఎంత పెంచినా గంటల ప్రయాణంలో కలిసొచ్చేవి నిమిషాలే.

గాలి సీజన్‌ను బట్టి మారుతుంది కాబట్టి అదే ఫ్లైట్ నంబరుకి వేసవి, శీతాకాలం టైమ్‌టేబుల్స్‌లో బ్లాక్ టైమ్ వేరుగా ఉండొచ్చు. వేసవి పట్టిక మార్చి చివరి ఆదివారం, శీతాకాలం పట్టిక అక్టోబరు చివరి ఆదివారం మొదలవుతాయి. పాత టికెట్ చూసి కొత్త ప్రయాణానికి కనెక్షన్ లెక్క వేసుకోకూడదు.

గడియారాల తగువు

టికెట్ మీద బయల్దేరే సమయం, చేరే సమయం ఎప్పుడూ ఆయా ఊళ్ల స్థానిక సమయాలే. రెండిటినీ యూటీసీలోకి, అంటే ప్రపంచమంతా ఒకటిగా వాడే ప్రామాణిక సమయంలోకి మార్చాకే తీసివేయాలి. వేసవిలో టోక్యోలో సాయంత్రం 5 గంటలకు లేచిన విమానం 10 గంటలు ఎగిరిందనుకుందాం. టోక్యో యూటీసీకి 9 గంటలు ముందు కాబట్టి లేచింది యూటీసీ 8 గంటలకు, చేరేది యూటీసీ 18 గంటలకు. లాస్ ఏంజెలిస్ వేసవిలో 7 గంటలు వెనక. అంటే అక్కడ అదే తేదీ ఉదయం 11 గంటలు. బయల్దేరకముందే చేరినట్టు కనిపిస్తుంది. తిరుగు ప్రయాణంలో ఒక రోజు మాయమవుతుంది, టికెట్ మీద చిన్నగా +1 అని ఉంటుంది. హోటల్ గది తప్పు తేదీకి తీసుకునేవాళ్లు ఎక్కువగా ఈ +1 చూడనివాళ్లే.

అమెరికాలో వేసవి సమయం మార్చి రెండో ఆదివారం మొదలైతే, యూరప్‌లో మార్చి చివరి ఆదివారం. ఆ మధ్య రెండు మూడు వారాలు లండన్–న్యూయార్క్ తేడా 5 గంటలు కాకుండా 4 గంటలే. సిడ్నీ–లండన్ తేడా ఏడాదిలో 9, 10, 11 గంటల మధ్య మారుతూ ఉంటుంది, ఒకచోట గడియారం ముందుకు జరిగే కాలంలో రెండోచోట వెనక్కి జరుగుతుంది కాబట్టి. అరగంట తేడాలున్న దేశాలు, నేపాల్‌లా 5 గంటల 45 నిమిషాలు వాడే దేశాలు ఉండనే ఉన్నాయి. తేడాను బుర్రలో గుర్తుపెట్టుకోవడం కన్నా ఆ తేదీకి యూటీసీ చూసుకోవడం నయం.

డబ్బు తేల్చే దూరం

యూరప్‌లో విమానం రద్దయినా, చేరడానికి మూడు గంటలో అంతకు మించో ఆలస్యమైనా, కారణం సంస్థదే అయితే ప్రయాణికుడికి పరిహారం దూరాన్ని బట్టి వస్తుంది. 1,500 కి.మీ. వరకు 250 యూరోలు, ఆ పైన 3,500 దాకా 400, యూరప్ దాటి అంతకన్నా దూరమైతే 600. ఇక్కడ దూరమంటే విమానం తిరిగిన దారి కాదు, గ్రేట్ సర్కిల్ దూరమని నిబంధనలోనే ఉంది. మధ్యలో వేరే ఊళ్లో విమానం మారినా మొదటి ఊరికీ చివరి ఊరికీ మధ్య తిన్నటి దూరమే లెక్క అని యూరప్ న్యాయస్థానం 2017లో చెప్పింది. కాబట్టి 1,490, 1,510 లాంటి అంచుల దగ్గర గోళం లెక్కా డబ్ల్యూజీఎస్ 84 లెక్కా అన్న ప్రశ్న ఉత్త పాండిత్యం కాదు, 150 యూరోల వ్యవహారం.

ఆ మూడు గంటలు ఏ క్షణానికి పూర్తయినట్టన్నది కూడా కోర్టు దాకా వెళ్లింది. ఆలస్యం మూడు గంటలకు కొద్ది నిమిషాలు తక్కువా, ఎక్కువా అన్నది చేరిన సమయాన్ని ఎక్కడ రాసుకుంటామన్న దాన్ని బట్టి మారిపోయే కేసు అది. చక్రాలు నేలను తాకినప్పుడా, గేటు దగ్గర ఆగినప్పుడా అని వాదించుకుంటే, 2014లో న్యాయస్థానం రెండూ కాదంది. ప్రయాణికులు బయటికి రావడానికి వీలుగా కనీసం ఒక తలుపు తెరుచుకున్న క్షణమే విమానం చేరిన సమయం.